ఒక బ్రేక్ ఆయిల్ ఆత్మకథ

మెకానిక్ షెడ్లలో నన్ను బ్రేక్ ఆయిల్ అంటారు. డబ్బా మీద డాట్ 4 అని ఉంటుంది. నేను రసాయన కర్మాగారంలో పుట్టాను. నా ఒంట్లో ఎక్కువ పాలు గ్లైకాల్ ఈథర్లు, బోరేట్ ఎస్టర్లు. లోహాలు తుప్పు పట్టకుండా కాపాడే మందులు కూడా కొద్దికొద్దిగా కలిపారు. అప్పట్లో నాది లేత పసుపు రంగు. అడ్డం పెట్టి చూస్తే అవతలి మనిషి కనిపించేంత తేటగా ఉండేదాన్ని. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పర్యాటకులను తిప్పే ఏటీవీ అనే ఒక నాలుగు చక్రాల బండిలో నన్ను పోశారు. మూసీ నది పుట్టే ఆ కొండల ఎర్రమట్టి దారులే నా లోకం.

మా వంశం నూరేళ్ల పైది. 1921లో అమెరికాలో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారుకు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు ఉండేవి. హైడ్రాలిక్ బ్రేకుల తొలినాళ్లలో ఆముదాన్ని ఆల్కహాల్‌తో కలిపి పోసేవారు. పెట్రోలియం నూనెలు ఆనాటి రబ్బరును ఉబ్బించి పాడుచేసేవి, ఆముదంతో ఆ బెడద లేదు. పాలమూరు, నల్లగొండ మెట్టచేలల్లో పండే ఆముదం గింజతో నాకు అలా చుట్టరికం ఉంది. బండ్ల వేగం, బ్రేకుల వేడి పెరిగేకొద్దీ ఆల్కహాల్ తట్టుకోలేకపోయింది. అప్పుడు మా గ్లైకాల్ తరం వచ్చింది.

మా బండికి ఎడమ చేతి లివర్ ఒక్కటే నాలుగు చక్రాలనూ పట్టుకుంటుంది. లివర్ దగ్గర మాస్టర్ సిలిండర్‌లో చిన్న పిస్టన్ ఉంటుంది. చక్రాల దగ్గర కాలిపర్లలో పెద్ద పిస్టన్లు ఉంటాయి. ఆ మధ్య గొట్టాల నిండా నేనుంటాను. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ తరగకుండా చేరుతుందని 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. నా బతుకంతా ఆ సూత్రం మీదే నడుస్తుంది. పెద్ద పిస్టన్ వ్యాసం చిన్నదానికి రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, బలమూ నాలుగింతలవుతుంది. జరిగే దూరం మాత్రం నాలుగో వంతుకు తగ్గుతుంది. పిస్టన్లు నెట్టే ప్యాడ్లు, చక్రంతో తిరిగే డిస్కును తాకడానికి కదిలేది మిల్లీమీటరులో ఏ కొంతో. అంత కొద్ది కదలికలోనే బండి బరువు, దాని మీది మనుషుల బరువు ఆగాలి. నేను నలగకుండా ఉంటేనే అది సాధ్యం. నాలో ఒక్క గాలి బుడగ చేరిందా, నొక్కిన నొక్కుడంతా దూది మూటను అదిమినట్టు అక్కడే ఇంకిపోతుంది.

నాకు పుట్టుకతోనే ఒక గుణం ఉంది. నేను నీటిని పీల్చుకుంటాను. రబ్బరు గొట్టాల గోడల గుండా, సీళ్ల అంచుల గుండా, మాస్టర్ సిలిండర్ మీది రిజర్వాయర్ మూత గుండా గాలిలోని తేమ నాలోకి చేరుతూనే ఉంటుంది. దీన్ని అందరూ నా లోపంగా చెబుతారు. నా మాట కూడా వినండి. చేరిన నీటిని నేను కలుపుకోకపోతే అది గొట్టాల్లో పల్లానికి జారి కాలిపర్ అడుగున నిలుస్తుంది. అక్కడ పిస్టన్‌కు తుప్పు పట్టిస్తుంది, వంద డిగ్రీలకే మరుగుతుంది. ఆ నీటిని ఒంటినిండా పంచుకుని, ఒకచోట పోగుపడకుండా చూడడం నా ఉద్యోగంలో భాగం. సిలికాన్‌తో చేసిన డాట్ 5కు ఆ గుణం లేదు, అది మాతో కలవదు కూడా.

అయితే ఈ ఉద్యోగానికి నేను చెల్లించే మూల్యం చిన్నది కాదు. అమెరికా రవాణా శాఖ ప్రమాణం ప్రకారం డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. ఒంట్లో దాదాపు 3.7 శాతం నీరు చేరాక తట్టుకోవాల్సిన కనీస హద్దు 155 డిగ్రీలే. ఇన్ని నీళ్లు మింగినా పైకి నా మట్టం మారినట్టు కనపడదు, లివర్ మెత్తబడదు. నా ముసలితనం వేడెక్కినప్పుడే బయటపడుతుంది.

నా విషయంలో అది వానాకాలం వెళ్లాక బయటపడింది. తడి నేల మీద తిరిగి తిరిగి, బురద గుంటల్లో మునిగి లేచి ఉన్నాను. ఒక మధ్యాహ్నం కొత్తగా బండెక్కిన పర్యాటకుడు పొడుగాటి దిగుడు పొడవునా లివర్ పట్టుకునే ఉన్నాడు. డిస్కు కాలింది, ప్యాడ్లు కాలాయి, ఆ వేడి పిస్టన్ గుండా నన్ను తాకింది. నాలోని నీరు ఆవిరై బుడగలు కట్టింది. అతను నొక్కినకొద్దీ బుడగలు నలిగాయి, లివర్ వెళ్లి హ్యాండిల్‌కు ఆనింది. అదృష్టం కొద్దీ దిగుడు అక్కడితో అయిపోయింది. బండి చదును నేల మీద దొర్లి దొర్లి ఆగింది.

షెడ్డుకు తెచ్చేసరికి బ్రేకు చల్లబడింది. ఆవిరి మళ్లీ నీరై నాలో కలిసింది, లివర్ ఎప్పటిలా గట్టిపడింది. మెకానిక్‌కు సహాయంగా ఉండే కుర్రాడు రెండుసార్లు నొక్కి చూశాడు.

"ఇప్పుడు మంచిగనే ఉంది గదన్నా!"

"సల్లగున్నప్పుడు గట్లనే ఉంటది రా. ఏడెక్కితే తెలుస్తది. బట్ట దే, మూత ఇప్పుదాం."

ఆ మెకానిక్ చేతులను నేను మరిచిపోలేను. ముందు బండిని కడిగించాడు. హ్యాండిల్ తిప్పి రిజర్వాయర్‌ను సమంగా నిలిపాడు. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మీద తడిబట్ట కప్పాడు. నేను పడితే పెయింట్ లేచిపోతుంది, అక్కడ వెంటనే నీళ్లు పోసి కడగాలి. మూత చుట్టూ ఉన్న మట్టిని తుడిచాకే స్క్రూలు తీశాడు. నా రంగు ముదురు గోధుమకు తిరిగి ఉంది. సిరంజితో నన్ను లాగి, అడుగున పేరిన మడ్డిని తుడిచాడు. కుర్రాడు అలమరలో ఉన్న సగం డబ్బా తెచ్చాడు.

"అది ఒద్దు. ఎన్నడు ఇప్పిందో ఏమో. సీల్ తియ్యని డబ్బ తే."

ఆ ఒక్క మాటతో నా గురించి అతనికి ఎంత తెలుసో అర్థమైంది. మూత తీసిన డబ్బా అలమరలో కూర్చుని కూడా తేమ తాగుతుంది.

కొత్త డాట్ 4తో రిజర్వాయర్ నింపి, అతను వెనక కుడి చక్రం దగ్గర కూర్చున్నాడు. బండితో వచ్చిన పుస్తకంలో మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టమని ఉంది, ఆ వరుసే పట్టాడు. బ్లీడర్ నిపుల్ మీది రబ్బరు టోపీ తీసి, రింగు పానా ఎక్కించి, నిపుల్ కొసకు సెలైన్ పైపు తొడిగాడు. పైపు రెండో కొసను కొంచెం కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచాడు. గాలి వెనక్కి పీల్చుకుపోకుండా ఆ ఏర్పాటు.

"ఒత్తు... పట్టుకో." పానా పావు చుట్టు తిరిగింది. నేను పైపులోకి ఉరికాను. "ఇడువకు, ఇడువకు." నిపుల్ బిగిసింది. "ఇగ ఇడువు."

ఈ పనికి ఈ వరుసే ప్రాణం. నిపుల్ తెరిచి ఉండగా లివర్ వదిలితే వెలుపలి గాలి లోపలికి దూరుతుంది. కుర్రాడు ఒత్తుతున్నాడు, మెకానిక్ విప్పి బిగిస్తున్నాడు. నడుమ నడుమ లేచి రిజర్వాయర్ చూసి నింపుతున్నాడు. అక్కడ మట్టం పడిపోయి గాలి దూరితే అంతవరకు చేసిందంతా వృథా. పైపులో మొదట నేను ముదురు రంగుతో వెళ్లాను, తర్వాత బుడగలు వెళ్లాయి, ఆ తర్వాత లేత పసుపు వచ్చింది. బుడగ లేని తేట ధార వచ్చాక నిపుల్‌ను పుస్తకం చెప్పినంత బలంతోనే బిగించాడు. నడుమ తూటున్న ఆ చిన్న మర మీద కండబలం చూపిస్తే విరుగుతుంది. తర్వాత వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. గాలి పైకి పోతుంది గనుక నిపుల్ కాలిపర్‌లో పైవైపున ఉంటుంది. అయినా మొండి బుడగలు మూలల్లో దాక్కుంటే కాలిపర్‌ను చెక్క పిడితో మెల్లగా తట్టి లేపాడు. చివర్లో లివర్‌ను కొద్దికొద్దిగా కదిపితే మాస్టర్ సిలిండర్‌లో మిగిలిన సన్నని బుడగలు రిజర్వాయర్‌లోకి తేలి పగిలిపోయాయి.

లివర్‌ను గట్టిగా పట్టి కాసేపు అలాగే ఉంచాడు. అది కిందికి జారలేదు, ఏ నిపుల్ దగ్గరా చెమ్మ లేదు. బండిని చదును నేల మీద నెమ్మదిగా నడిపి, నాలుగు చక్రాలూ ఆగుతున్నాయని చూశాకే పనిముట్లు సర్దాడు. రిజర్వాయర్ పక్కన చిన్న చీటీ అంటించి ఆనాటి తేదీ రాశాడు.

నేనిప్పుడు వాడేసిన సీసాలో ఉన్నాను. నన్ను మళ్లీ ఏ బండిలోనూ పోయకూడదు, కాలువలోనో చేలోనో పారబోయకూడదు. నేను విషాన్ని, పిల్లలకూ కుక్కలకూ అందని చోట మూతపెట్టి ఉంచి, వ్యర్థ రసాయనాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి. నా స్థానంలో చేరిన కొత్తది కూడా ఈ కొండ గాలిలోని తేమను నాలాగే మోస్తుంది, నాలాగే అలసిపోతుంది. చాలా కంపెనీల పుస్తకాలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. తడిలో, బురదలో, దిగుళ్లలో తిరిగే బండికి అంతకన్నా ముందే మార్చడం మేలు. నా పట్టు సడలిందని నేను ముందుగా చెప్పలేను. నా తరఫున చెప్పగలిగేది ఆ చీటీ మీది తేదీ ఒక్కటే. మీ బండి మీద అలాంటి చీటీ లేకపోతే ఈ వారమే మూత తీయించండి.