సచ్ఛిద్రనాళం: ఒక బేగంపేట పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: బేగంపేటలో ఓ అపార్టుమెంటు మూడో అంతస్తులో, నాలుగడుగుల చేపల తొట్టి వెనక గోడమీద మార్కరుతో రాసివున్న ఆటవెలది ఇది. కర్త పేరు లేదు. గణాలు సరిపోయాయి గనుక ప్లంబరు కాడని కొందరు, చెప్పినట్టు చేస్తే పని జరుగుతుంది గనుక కవి కాడని ఇంకొందరు. వ్యాఖ్యాతల్లో పెద్దాయన మల్లినాథ సూరిది మెదక్ సీమలోని కొల్చారం. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నవాడు. నగరానికి మంజీరా నీళ్ళు వచ్చేదీ ఆ సీమ నుంచే. నీళ్ళు వచ్చినంత సులువుగా ఆ నిగ్రహం రాలేదు, క్షమించాలి.

మూలం:

గొట్టమునకు జిన్న గుండ్రకన్నంబులు
వేసి చివర మూసివేయవలయు
నీటి తలకు కింద నిలువక పడుకోగ
చేపలకును నీకు చింత లేదు

ప్రతిపదార్థం: గొట్టమునకు = ఫిల్టరు నీటిని తొట్టిలోకి చిమ్మే పైపునకు, అనగా స్ప్రే బారునకు; గుండ్రకన్నంబులు = డ్రిల్లు బిట్టుతో వేసినవి, కాల్చిన మేకుతో పొడిచినవి కావు; చివర = నీళ్ళు వచ్చే కొస కాక రెండో కొసను; నీటి తలకు కింద = నీటిమట్టానికి వేలిమందం లోతున; నిలువక పడుకోగ = వెనక అద్దం వెంబడి అడ్డంగా ఉండగా. పడుకోవలసింది తొట్టి యజమాని అని ఒక పూర్వపక్షం ఉంది. ఆదివారాల్లో మాత్రమే చెల్లుతుంది.

విశేషాలు: "జిన్న" అని కవి చేతులు దులుపుకున్నాడు. గుట్టంతా అక్కడే ఉంది. కన్నాలన్నిటి వైశాల్యం కలిపితే పైపు లోపలి నోటి వైశాల్యాన్ని మించకూడదు. అరంగుళం సీపీవీసీ పైపు లోపలి వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు. కన్నం 3 మిల్లీమీటర్లదైతే పన్నెండును మూడుతో భాగించి, వచ్చిన నాలుగును వర్గం చేస్తే 16. రెండంగుళాలకొకటి చొప్పున 16 కన్నాలు వేస్తే రెండున్నర అడుగుల్లో సరిపోతాయి. కొన్ని ప్రతుల్లో "బెద్ద" అని పాఠాంతరం. అది లేఖక దోషం. కన్నాలు పెద్దవైతే పైపులో ఒత్తిడి నిలవదు. ఒక కన్నం ఉరికిస్తుంది, ఇంకోటి కారుతుంది. మరీ సన్నవైతే పంపు ఆయాసపడుతుంది, ధార తగ్గుతుంది.

"వేసి" అన్నంత తేలిక కాదు వేయడం. గుండ్రటి పైపుమీద బిట్టు జారుతుంది. ముందు నిలువునా ఒక గీత గీసి, ప్రతి గుర్తు దగ్గరా మేకుతో గాటు పెట్టాలి. లోపల మిగిలిన ప్లాస్టిక్ పీలికలు గీకకపోతే నాచుకు అవే ఆధారం.

"మూసివేయవలయు" అన్నాడు గాని అతికించవలయు అనలేదు. ఇక్కడ కవి హృదయం గ్రహించాలి. ఎండ్ క్యాప్‌కు సొల్యూషన్ రాస్తే ఇక బ్రష్షు దూరదు. నగరం గ్రానైటు నేలమీద ఉంది, బోరు నీళ్ళు కఠినం. నీటి పైన కాస్త తేలిన కన్నానికి తెల్లటి సున్నపు వలయం కడుతుంది. వెనిగర్‌లో నానబెట్టి పళ్ళపుల్లతో పొడవాలి.

నీటి తల కదలాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల్లో ఏడున్నరే పడుతుంది. మే నెలలో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేది అందుకే. కన్నాలు కాస్త పైకి తిప్పితే నీటిమీద అలలు లేచి గాలి కలుస్తుంది. కదలని నీటితల దోమకు పుట్టిల్లు. ఈ బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టగోడలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆ బంగళా పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది. అయినా గప్పీలున్న తొట్టిలో దోమపిల్ల బతికి బట్టకట్టదనుకోండి. ప్రసంగవశాత్తు వచ్చింది.

"చేపలకును" అన్న బహువచనంలో ఫైటరు చేరదు. దానికి ప్రవాహం పడదు. పొడుగు తోకతో ఎదురీదలేక ఓ మూల నక్కుతుంది. అది ఉంటే కన్నాలను వెనక అద్దం వైపు తిప్పాలి.

"నీకు" అన్నది ధ్వని గురించి. పైపు మునిగివుంటే నిశ్శబ్దం. పైన వేలాడితే రాత్రంతా కొళాయి కట్టలేదనుకుని ఇంట్లో ఎవరో ఒకరు లేస్తారు.

"చింత లేదు" అనడం మాత్రం అతిశయోక్తి. కరెంటు పోయి కొన్ని గంటలైతే ఫిల్టరు డబ్బాలోని మేలుచేసే బ్యాక్టీరియా ఊపిరాడక చావడం మొదలవుతుంది. తిరిగి ఆన్ చేయగానే ఆ మురుగంతా 16 కన్నాల్లోంచీ సమంగా వస్తుంది. డబ్బా విప్పి కడిగాకే స్విచ్చి వేయాలి.