సెలవుల్లో సమాకలనం

1959లో భిలాయి ఉక్కు ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచీ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడి పవర్ హౌస్ స్టేషన్‌లో దిగినవాళ్లకు మూడు షిఫ్టులు అలవాటే. ఒకే మనిషి మూడు షిఫ్టులూ చేయడం మాత్రం కాలేజీల్లో వేసవి లెక్కల కోర్సు వచ్చాకే చూస్తున్నాం. పొద్దున లెక్చరు, మధ్యాహ్నం ట్యుటోరియల్, రాత్రి కూలర్ ముందు హోంవర్కు. ప్లాంటులో అయితే ఓవర్‌టైం ఇస్తారు. ఇక్కడ ఎదురు ఫీజు కట్టాలి.

సెమిస్టరంతా సాగాల్సిన పాఠం ఆరు వారాల్లో అయిపోవాలి. సోమవారం అవకలనం, బుధవారం సమాకలనం, శుక్రవారం పరీక్ష. జ్వరమొస్తే శనివారమే రావాలి, ఆదివారానికి తగ్గిపోవాలి. సోమవారం కొత్త పాఠంగా లాప్లాస్ గారు వేంచేస్తారు మరి!

ఈ లెక్కల్లో ఆర్కిమెడిస్ మొదలెట్టిన పనిని న్యూటన్, లైబ్నిట్జ్ ఓ కొలిక్కి తేవడానికి సుమారు 1900 ఏళ్లు పట్టింది. మన విద్యార్థికి నలభై రోజులు చాలట! పైగా 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూతపడితే, ఇంటికెళ్లిన న్యూటన్‌కు కలనగణితం తట్టింది. అక్కడ కాలేజీ మూస్తే లెక్కలొచ్చాయి. ఇక్కడ సెలవుల్లోనూ కాలేజీ తెరిస్తే, వచ్చిన లెక్కలు కూడా పోతున్నాయి.

నైట్ షిఫ్టు దిగొచ్చిన తండ్రి అడిగాడు: "ఏరా, నిన్నటి పాఠం అర్థమైందా?"

"అర్థమయ్యేలోపు పరీక్ష అయిపోయింది నాన్నా."

"మరి పాసవుతావా?"

"పాసైతే పై సెమిస్టరుకి, లేదంటే వచ్చే వేసవికి. ఎటైనా సీటు ఖాయం!"