మేడ్చల్ మేడ మీద ఒక సర్ఫ్‌బోర్డు ఆత్మకథ

నేను సర్ఫ్‌బోర్డును. పొడవు 8 అడుగులు. లోపల గట్టి నురుగు దిమ్మ, నడుమ వెన్నెముకలా సన్నని చెక్క పట్టీ, పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ, దాని మీద రెజిన్ పూత. నా పుట్టుక గురించి ఇంతకుమించి చెప్పేదేమీ లేదు. చెప్పుకోవలసింది విశాఖపట్నం రుషికొండ తీరంలో నేను చేసిన పని గురించి.

నీళ్ళంటే బెదిరే పిల్లలు నా మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్ళు తోసుకుంటూ, విరిగిన అల వెనక నుంచి నెట్టగానే లేచి నిలబడేవాళ్ళు. జాలర్ల పిల్లలు ఇంకా తొందరగా నిలబడేవాళ్ళు. తెప్ప మీద పెరిగిన కాళ్ళకు ఊగే పలక కొత్త కాదు. పడినవాళ్ళను నేను ఒక్కనాడూ వదిలిపోలేదు. వాళ్ళ కాలికీ నాకూ మధ్య తాడు ఉండేది. మునిగి పైకి తేలేసరికి చేతికి అందేదాన్ని.

తర్వాత నన్ను మేడ్చల్ ఆయన ఒకరు కొన్నారు. బామ్మర్దితో కలిసి లిటిల్ అండమాన్‌లో సర్ఫింగ్ క్యాంపుకు వెళ్ళాలని ఆయన కోరిక. మంచి దీవినే ఎంచుకున్నారు. ఎక్కడో దక్షిణ సముద్రాల తుపాను గాలులకు పుట్టిన అలలు వేల కిలోమీటర్లు నడిచి వచ్చి ఆ తీరాన విరుగుతాయి. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అండమాన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు.

ఆదివారాలు నన్ను కారు మీద కట్టుకుని శామీర్‌పేట చెరువు కట్టకు వెళ్ళేవాళ్ళు. మాటలన్నీ అక్కడే.

"బావా, మే ఆఖర్ల పోదాం. పిల్లలకు సెలవులుంటయి గదా."

"గట్లనేరా. టికెట్లు నువ్వే చూడు."

నాకు నోరుంటే అప్పుడే ఆపేదాన్ని. మే మూడో వారం దాటితే నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకుతాయి. సముద్రం రేగుతుంది, ఓడలు ఆగిపోతాయి. వెళ్ళవలసింది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ముందు చేరవలసింది పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడిదాకా విమానం, ఆపైన లిటిల్ అండమాన్‌లోని హట్ బేకు ఓడ. ఓడ టికెట్టు ఖాయమయ్యాకే క్యాంపుకు డబ్బు కట్టాలి. తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. మొదటిసారి నేర్చుకునేవాళ్ళకు క్యాంపులో బోర్డు వాళ్ళే ఇస్తారు. నన్ను కొనాల్సిన అవసరమే లేదు.

అన్నిటికన్నా ముందు రావలసింది ఈత. ఆ ఇద్దరికీ రాదు. నేర్చుకుందామన్న మాట కూడా వాళ్ళ నోట రాలేదు. పైగా శామీర్‌పేట చెరువులోనే నా మీద సాధన చేద్దామనుకున్నారు. అల లేవని చెరువులో, అడుగున బురద ఎంతుందో తెలియని చోట! ఎవరో పెద్దాయన కేకలేసి వెనక్కి పంపాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఓడలు రద్దయ్యాయి, ప్రయాణం ఆగింది, నన్ను మేడ ఎక్కించారు. నీడలో పెట్టాలని అమ్మినవాళ్ళు మరీ మరీ చెప్పారు. ఎవరికీ గుర్తు లేదు. మేడ్చల్ ఎండకు నా లోపలి గాలి వేడెక్కి, పైపొర నురుగు నుంచి విడిపోయి బొబ్బలు లేచింది. తెల్లగా ఉండేదాన్ని పసుపెక్కాను. కాలు జారకుండా రుద్దిన మైనం కరిగి దుమ్ము పట్టింది. ట్యాంకు పొర్లినప్పుడల్లా పగుళ్ళలోంచి నీళ్ళు దిగి బరువెక్కుతున్నాను. సముద్రాన్ని తట్టుకున్న నన్ను ట్యాంకు నీళ్ళు కుళ్ళబెడుతున్నాయి. ఇంట్లో అమ్మమ్మ నా మీద వడియాలు ఎండబెడుతుంది. ఆమె మీద నాకు కోపం లేదు. నేనెవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు. రాత్రిళ్ళు జాతీయ రహదారి మీద లారీల హోరు వింటూ పడుకుంటాను.

ఇప్పటికీ నేను బాగుపడతాను. బొబ్బలు కోసి, లోపల ఆరబెట్టి, కొత్త గుడ్డ వేసి రెజిన్ పోస్తే చాలు. అయ్యా, నన్ను కొన్న పెద్దమనిషీ, మీరు వెళ్ళేదుంటే ముందు ఈత నేర్చుకోండి. కుదరదంటే నన్ను తిరిగి రుషికొండ పంపించండి. నన్ను కొనే స్తోమత లేని జాలరి పిల్లలు అక్కడ ఉన్నారు.