కృష్ణ రేవు నుంచి కట్టలేటి గట్టుకు: ఒక ఆయిలింజను ఆత్మకథ

పడవ పొట్టలో కూర్చుని పనిచేసేది ఇన్‌బోర్డు ఇంజను. పడవ వెనక అంచుకు తగిలించి, పనయ్యాక ఊడదీసుకుని పోయే మోటారు వేరే జాతి. ఇన్‌బోర్డు ఇంజనును పడవ అడుగున వేసిన దుంగల మీద బోల్టులతో బిగిస్తారు. దాని నుంచి ఒక ఉక్కు షాఫ్టు ఏటవాలుగా దిగి, పడవ అడుగున చేసిన రంధ్రంలోంచి నీళ్లలోకి వెళ్తుంది. ఆ కొసన కంచు పంకా తిరుగుతుంది. పడవకు కావాలని పెట్టిన రంధ్రం ఒకటుందని ఎక్కేవాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు మరిచిపోతారు. ఇలాంటి పడవల మరమ్మతులో సగం ఆ రంధ్రం చుట్టూనే ఉంటుంది.

ఈ కథ చెబుతున్నది రెండు సిలిండర్ల కిర్లోస్కర్ డీజిలు ఇంజను. ఆత్మకథే అయినా, తయారీవాళ్లు వెంట పంపిన చిన్న పుస్తకం తప్ప మరో చదువు లేదు కనుక, అందులో రాసినట్టే తన గురించి ‘ఈ ఇంజను’ అని చెప్పుకోవడమే దీనికి చేతనవును. 1946లో పుణెలో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ పోతపోసిన లెక్కలేనన్ని ఇంజన్లలో ఇదొకటి. సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110, నిమిషానికి 1500 చుట్లు, 10 గుర్రాల బలం. బ్యాటరీతో పని లేదు. హ్యాండిలు వేసి తిప్పితే చాలు. ఈ కుటుంబంలోని ఇంజన్లు పిండిమరల్లోకీ, పొలాల్లోకీ, పడవల్లోకీ చెదిరిపోయాయి. పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకోవలసింది లేదు.

ఇంజనును పడవ లోపల బిగించే ఇదే అమరికను విదేశాల్లో ఆటకు వాడుకున్నారు. 1922లో అమెరికాలోని మిన్నెసోటాలో రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు కాళ్లకు చెక్కలు కట్టుకుని పడవ వెనక తాడు పట్టుకుని నీళ్ల మీద జారాడు. వాటర్ స్కీయింగ్ అలా పుట్టింది. 1961లో కరెక్ట్ క్రాఫ్ట్ సంస్థ తెచ్చిన స్కీ నాటిక్ లాంటి పడవల్లో కారు ఇంజనును తెచ్చి పడవ నడిమధ్యన కూర్చోబెట్టారు. బరువు మధ్యలో ఉంటే పడవ వెనక లేచే అల చిన్నదవుతుంది, తాడు పట్టుకున్నవాడు సాఫీగా సాగిపోతాడు. అక్కడ ఏటా చలికాలం ముందు ఆ ఇంజన్లలో నీళ్లన్నీ దింపి, ఆయిలు మార్చి, గుడ్డ కప్పి దాస్తారు. దాచకపోతే లోపలి నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగులుతుంది. కృష్ణ ఒడ్డున నీళ్లు గడ్డకట్టవు. ఇక్కడి ఇంజన్లకు ఆ మర్యాద దక్కకపోవడానికి కారణం అదొక్కటే.

1957లో విజయవాడ దగ్గర కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ కట్టాక దాని ఎగువన ఏడాదిలో ఎక్కువకాలం నీళ్లు నిలుస్తున్నాయి. 1980 పుష్కరాలకు ముందు అక్కడి ఒక రేవులో ఈ ఇంజనును చెక్క లాంచీలోకి దించారు. దించిన మేస్త్రి నిదానస్తుడు. ఇంజను వైపు కప్లింగునూ షాఫ్టు వైపు కప్లింగునూ ముఖాముఖీ తెచ్చి, ఆ రెంటి సందులో ఫీలరు గేజి పెట్టి, పైనా కిందా కుడీ ఎడమా కొలిచాడు. నాలుగు వైపులా సందు సమానంగా ఉండాలి. నాలుగంగుళాల కప్లింగుకు తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటకూడదు. అది కూడా పడవ ఒడ్డున ఉన్నప్పుడు కొలిస్తే చాలదు. నీళ్లలోకి దిగాక చెక్క ఒళ్లు విరుచుకుంటుంది, సందు మారుతుంది. మేస్త్రి పడవను నీళ్లలోకి తోయించి, మర్నాడు వచ్చి మళ్లీ కొలిచి, ఇంజను కాళ్ల కింద సన్నటి రేకులు పెట్టి సరిచేశాడు. ఈ ఇంజను జీవితంలో ఆ కొలత సరిగ్గా జరిగింది ఆ ఒక్కసారే. తర్వాత వచ్చినవాళ్లు కప్లింగు బోల్టులు సుత్తితో కొట్టి ఎక్కించారు. బోల్టు వేలితో తోస్తే దూరకపోతే లోపం బోల్టులో ఉండదు, రెండు ముఖాలు ఎదురెదురుగా లేవని అర్థం. పడవంతా వణుకుతుంటే ‘ఇంజను పాతదైంది’ అని చెప్పుకునేవారు.

ఇక, ఆ రంధ్రం దగ్గర నీటిని అదుపులో ఉంచే గ్లాండు. షాఫ్టు పడవ గోడ దాటేచోట ఒక గొట్టం, దాని లోపలి కొసన గ్లాండు ఉంటాయి. కొవ్వు పట్టించిన నార తాడును షాఫ్టు చుట్టుకొలతకు సరిగ్గా కోసి, చుట్టలుగా గ్లాండులో కూరుస్తారు. ఒక చుట్ట అతుకు, పక్క చుట్ట అతుకు ఒకే వరసలోకి రాకూడదు. వస్తే నీటికి దారి దొరుకుతుంది. ఆపైన నట్లు బిగించాలి, కానీ పూర్తిగా కాదు. పడవ నడిచేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారాలి, ఆగినప్పుడు ఆగిపోవాలి. తిరిగే షాఫ్టును చల్లగా ఉంచేవి ఆ చుక్కలే. చెయ్యి పెట్టి చూస్తే గ్లాండు గోరువెచ్చగా ఉండొచ్చు, చురుక్కుమనకూడదు.

లాంచీ యజమానికి ఆ చుక్కలంటే పడేది కాదు. పడవలోకి నీరు రావడమేమిటని పానా పిడికి పైపు తొడిగి మరీ బిగించేవాడు. పడవ నడిపే సరంగు వారించబోతే, ‘పడవ నాదా, నీదా?’ అని అడిగేవాడు. చుక్కలు ఆగేవి. వారం తిరిగేసరికి తాడు మాడి కంపు కొట్టేది. మాడిన తాడు గట్టిపడి షాఫ్టును ఆకురాయిలా అరగదీసి గాడి పెట్టేది. గాడి పడ్డాక ఎంత కొత్త తాడు చుట్టినా నీరు ఆగదు. చివరికి షాఫ్టును విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి, వెల్డింగుతో నింపి, లేతు మీద తిప్పి తేవలసి వచ్చింది. ఆ చుక్కలను కారనిచ్చి, పడవ అడుగున చేరిన నీటిని పొద్దునే డబ్బాతో తోడేసి ఉంటే ఆ ఖర్చు తప్పేది. అయితే తోడటం జీతగాడి పని, బిగించడం యజమాని దర్పం.

షాఫ్టు తర్వాత ఎక్కువ నష్టం చేసేది చల్లబరిచే నీరే. లారీ ఇంజనుకు రేడియేటరు ఉంటుంది, వాడిన నీటినే మళ్లీ వాడుకుంటుంది. ఈ రకం పడవలో నదే రేడియేటరు. చిన్న పంపు నదిలోంచి నీటిని లాగి, సిలిండర్ల చుట్టూ ఉన్న జాకెట్లో తిప్పి, పక్కనున్న గొట్టం గుండా బయటికి వదులుతుంది. సరంగు చూపు ఎప్పుడూ ఆ గొట్టం మీద ఉండాలి. ధార సన్నబడిందంటే లోపల వేడి పెరుగుతున్నట్టే. వరదకాలంలో కృష్ణ నీళ్లు ఎర్రగా, ఒండ్రుతో వస్తాయి. ఆ ఒండ్రు జాకెట్ అడుగున పేరుకుంటుంది. కొట్టుకొచ్చే గుర్రపుడెక్క జల్లెడకు అడ్డం పడుతుంది. జల్లెడను రోజూ విప్పి దులపడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగిల్చుకున్న రోజున ఈ ఇంజను నడి ఏట్లో వేడెక్కి, హెడ్డు గాస్కెట్టు కాలి, ప్రయాణికులు తెడ్లకు బదులు చెక్కలతో ఒడ్డు చేరవలసి వచ్చింది. గాస్కెట్టు కాలిన గుర్తు పొగలో తెల్లగా కనిపిస్తుంది, ఆయిలు పుల్ల మీద పాలమీగడ రంగులో కనిపిస్తుంది. నీరు కలిసిన ఆయిలుతో ఒక్క ట్రిప్పు నడిపినా బేరింగులు దెబ్బతింటాయి. అప్పుడు ట్రిప్పులు ఆపలేదు.

డీజిలు గురించి ఒక మాట. రాత్రంతా సగం ఖాళీగా ఉన్న ట్యాంకు గోడల మీద చెమ్మ పట్టి అడుగుకు చేరుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపి, పొద్దున అడుగు మర తిప్పి నాలుగు చుక్కలు పారబోస్తే సరిపోతుంది. లైనులోకి గాలి దూరితే ఫిల్టరు మీది మర వదులు చేసి, బుడగలు పోయేదాకా డీజిలు కార్చాలి. ఇది సరంగులందరికీ తెలిసిన విద్య, చీకట్లో కూడా చేసేవారు.

1992 పుష్కరాలు ఈ ఇంజను చెప్పుకోగల రోజులు. ఆ పన్నెండు రోజులూ తెల్లవారుజాము నుంచి పొద్దుపోయేదాకా స్నానాలకు వచ్చే జనాన్ని అటూ ఇటూ చేరవేసింది. ముందుగానే ఆయిలు మార్చారు, డీజిలు చిమ్మే నాజిళ్లు తుడిచారు, గ్లాండు వదులు చేశారు. జనం ఎక్కువున్నప్పుడు ఆగిపోతే పరువు పోతుందని యజమాని భయం. ఆ భయం ఏటా ఉండి ఉంటే ఈ కథ పొట్టిగా ఉండేది. విశేషమేమంటే ఆ పన్నెండు రోజుల్లో ఇంజను ఒక్కసారీ మొరాయించలేదు. ఎడతెగని పనిలో ఆయిలు వేడెక్కి, చెమ్మ ఆవిరై, కదిలే భాగాలన్నింటికీ పూత అందుతూ ఉంటుంది. డీజిలు ఇంజను అరిగేది ఎక్కువగా చల్లగా మొదలయ్యే ఆ మొదటి నిమిషాల్లోనే.

లాంచీ ఒళ్లు మాత్రం అంతకాలం ఆగలేదు. చెక్కల సందుల్లో దూదీ గుగ్గిలమూ కూరే పని రెండు వేసవులు వాయిదా పడింది. ఒడ్డున ఇసుకలో ఎండిన పలకలు బీటలిచ్చాయి, దుంగలు చివికాయి. పంకాను కంచు ధరకు ఎవరో కొనుక్కుపోయారు. షాఫ్టు ఒక గోడౌను తలుపుకు గడియ అయింది. ఇంజనును మాత్రం నాలుగు నెలలు కుళ్లిన పడవలోనే ఉంచి, ఆఖరికి గంపలగూడెం రైతు ఒకాయనకు అమ్మారు.

తిరువూరు దగ్గరి గంపలగూడెం మండలంలో కట్టలేరు పారుతుంది. వానాకాలంలో పొంగితే వినగడప దగ్గర రాకపోకలు ఆగిపోతాయి, వేసవిలో ఇసుక తేలుతుంది. ఈ ఏటి నీళ్లు కూడా చివరికి మున్నేటి మీదుగా కృష్ణకే చేరతాయి. గట్టు మీద సిమెంటు దిమ్మ కట్టి, ఈ ఇంజనును దాని మీద బిగించి, పంపు తగిలించారు. పంపు తోడిన నీటిలోంచి సన్నటి పాయను జాకెట్లోకి మళ్లించారు. అంటే చల్లబరిచే పద్ధతి లాంచీలోదే. గ్లాండు బాధ పంపుకు పోయింది, ఇంజనుకు తప్పింది. మామిడి తోటలకూ, మిరప చేలకూ నీళ్లు తోడింది. కరెంటు అర్ధరాత్రి వచ్చి తెల్లవారకముందే పోయే ఆ కాలంలో, పగలు పారే నీళ్లు కావలసిన రైతుకు ఆయిలింజనే దిక్కు. పక్క తోటవాళ్లు గంటల లెక్కన అద్దెకు కూడా తీసుకెళ్లారు. అద్దె ఇంజనుకు ఆయిలు ఎవరు మార్చాలన్నది ఏ ఊళ్లోనూ తేలని తగవు.

2004లో రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చారు. ఉచితంగా తిరిగే మోటారు ముందు, లీటరుకు డబ్బు పోసి తిప్పే ఇంజను నిలవదు. ఇందులో రైతును అనడానికి లేదు. ఆ ఏడే వచ్చిన కృష్ణా పుష్కరాల సంగతి ఈ ఇంజను పశువుల కొట్టంలో ఉండగా విన్నది.

అనవలసింది ఇంజనును దిమ్మ మీంచి దించిన పద్ధతిని. చివరి రోజు ఆపి, బోల్టులు విప్పి, బండి మీద తెచ్చి, గడ్డిమోపుల పక్కన పెట్టేశారు. జాకెట్లో నీళ్లు అలాగే ఉన్నాయి. ఆయిలు నల్లటిదే. పొగగొట్టం నోరు ఆకాశం వైపు తెరిచి ఉంది. పడి ఉన్న ఇంజనులో ఏం జరుగుతుందో క్రమంగా చెప్పుకోవాలి. మొదటి వానకు పొగగొట్టంలోంచి దిగిన నీరు, తెరుచుకుని ఉన్న వాల్వు మీదుగా సిలిండర్లోకి చేరింది. పిస్టను రింగులు ఎక్కడ ఆగాయో అక్కడే సిలిండరు లైనరుకు తుప్పుతో అతుక్కున్నాయి. వాల్వు కాడలు గైడుల్లో బిగుసుకున్నాయి. డీజిలు పంపులోనూ నాజిల్లోనూ మిగిలిన ఇంధనం జిగురై గట్టిపడింది. జాకెట్లోని నీరు ఆవిరవుతూ సున్నాన్నీ ఒండ్రునూ పెచ్చులుగా వదిలింది. గాలి లోపలికి పోయే గొట్టంలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. ఫ్లైవీలు మీద కోళ్లు కూర్చునేవి. ఇంట్లో ఎవరికి బోల్టు కావాలన్నా ఈ ఇంజను నుంచే ఊడదీశారు. హ్యాండిలు తాటిముంజల సీజన్లో గునపంగా పనికొచ్చింది. ఇరవై ఏళ్లు నీళ్లు తోడినా, జనాన్ని దాటించినా ఇంత నష్టం జరగలేదు. 2016 పుష్కరాలు కూడా వచ్చి వెళ్లిపోయాయి.

ఆ తర్వాత ఒక వానాకాలం ట్రాన్స్‌ఫార్మరు కాలి, మోటార్లన్నీ ఆగి, కోతకొచ్చిన చేలో నీరు నిలిచినప్పుడు ఇంట్లోవాళ్లకు కొట్టం గుర్తొచ్చింది. తిరువూరు నుంచి వచ్చిన మెకానిక్కు, సుత్తి పట్టుకు నిలబడ్డ పెద్దాయన్ని చూసి, “బాబాయ్, అది అటు పెట్టండి. ముందు నానబెడదాం,” అన్నాడు. బిగుసుకున్న పిస్టను మీద దెబ్బ వేస్తే పిస్టను పగులుతుంది, లేదా కనెక్టింగు రాడ్డు వంగుతుంది. హెడ్డు విప్పి, సిలిండర్ల నిండా కిరసనాయిలూ డీజిలూ కలిపి పోసి, రోజులు గడవనిచ్చి, ఫ్లైవీలును రోజుకు కొంచెం ముందుకూ వెనక్కూ ఊపాడు. కదిలింది.

మిగతా పని పద్ధతిగానే సాగింది. ఒక లైనరు గుంటలు పడి పనికిరాలేదు. దాన్నీ, దాని పిస్టనునూ, రింగులనూ మార్చాడు. వాల్వులకు గ్రైండింగు పేస్టు రాసి కూర్చునేచోట రుద్ది, పైన కిరసనాయిలు పోసి కిందికి కారకుండా ఉందో లేదో చూశాడు. జాకెట్‌ను పలచటి ఆమ్లంతో కడిగితే కృష్ణ ఒండ్రు, కట్టలేటి ఇసుక పొరలుపొరలుగా వచ్చాయి. నాజిళ్లు కొత్తవి వేశాడు. బేరింగు చిప్పలు చూసి పెదవి విరిచాడు కానీ, ఖర్చు విని యజమాని ఊరుకోవడంతో వాటినే ఉంచాడు. రెండు సిలిండర్లలో ఒకదానికే కొత్త సెట్టు వేస్తే నడక కాస్త కుంటుతుంది. అది పాఠ్యపుస్తకం ఒప్పుకోని మరమ్మతే అయినా ఊళ్లలో ఎక్కువ ఇంజన్లు అలాగే బతుకుతున్నాయి. కంప్రెషన్ లివరు ఎత్తి, హ్యాండిలు తిప్పి, ఊపందుకున్నాక లివరు వదిలారు. మొదట నీలి పొగ, తర్వాత నల్ల పొగ, ఆ తర్వాత ఏమీ లేదు. సాయంత్రానికి చేను బయటపడింది.

వెళ్తూ మెకానిక్కు చెప్పిన జాగ్రత్తలు ఇవి: పని అయ్యాక జాకెట్ అడుగు ప్లగ్గు విప్పి నీళ్లు దింపాలి. ఆయిలు వేడిగా ఉండగానే మార్చాలి. నాజిల్ రంధ్రంలోంచి గరిటెడు ఆయిలు సిలిండర్లోకి పోసి రెండు చుట్లు తిప్పాలి. పొగగొట్టం మీద డబ్బా బోర్లించాలి. నెలకోసారి చేత్తో తిప్పాలి. వీటిలో డబ్బా బోర్లించారు. అదీ పెయింటు డబ్బా, అడుగున బెజ్జం ఉంది.