డివిడెండ్ బయల్దేరింది... దారిలో ఉంది!

లండన్‌లో కంపెనీ డివిడెండ్ ఇచ్చేసింది. మదుపరి ఖాతాలో మాత్రం గుండుసున్నా. అక్కడ చాలామంది చిన్న మదుపరుల షేర్లు బ్రోకరు తాలూకు నామినీ సంస్థ పేరు మీదే ఉంటాయి మరి! డబ్బు ముందు ఆ విడిదింట్లో దిగి, కాళ్లు కడుక్కుని, టీ తాగి, తీరిక చిక్కితే అసలు యజమాని గడప తొక్కుతుంది.

ఫోన్ చేస్తే ‘లెక్కలు సరిచూస్తున్నామండీ’ అంటారు. షేరు కొన్నప్పుడు కమీషన్ కోతకు ఈ సరిచూడటాలేవీ అడ్డురావు. రెప్పపాటులో తెగుతుంది.

పైగా ఖాతాదారుల నగదుపై వచ్చే వడ్డీలో కొంత నొక్కేసి, అదే నగదు దాచినందుకు మళ్లీ రుసుమూ గుంజిన ఘనులున్నారు. అది మానుకోండంటూ బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2023 డిసెంబరులో 42 సంస్థలకు లేఖ రాయాల్సొచ్చింది. ఇక తొందరెవరికి?

మన దేశంలో డీమ్యాట్‌లో షేరుంటే డివిడెండ్ మామూలుగా నేరుగా బ్యాంకు ఖాతాకే. ప్రకటించిన 30 రోజుల్లో ఇవ్వకపోతే కంపెనీకి 18 శాతం వడ్డీ వాత.

లండన్ మదుపరికీ దారి లేకపోలేదు. ఫిర్యాదు చేసుకోవచ్చు. తుది జవాబుకు బ్రోకరుకున్న గడువు 8 వారాలు. ఈలోగా ఇంకో డివిడెండ్ వస్తే, దాన్నీ విడిదింట్లో దించుతారు!