పాఠం ఇంట్లో, లెక్కలు బడిలో, ఫోను నాన్న జేబులో

చదువులో మరో విప్లవం వచ్చింది. ఇన్నాళ్లూ బడిలో పాఠం చెప్పి, లెక్కలిచ్చి ఇంటికి పంపేవారు. ఇకమీదట పాఠం వీడియోలో ఇంట్లోనే వినేసి రావాలి, లెక్కలు బడిలో మాస్టారి ముందు చెయ్యాలి. పేరు ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్. ఏసీ హాల్లో పవర్‌పాయింట్ చూసొచ్చిన పెద్దలంతా దీనితో పేద పిల్లల బతుకు మారిపోతుందని తేల్చేశారు.

2007లో అమెరికాలోని కొలరాడోలో, వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పే జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ ఈ పద్ధతికి పేరు తెచ్చారు. ఆటల పోటీలకెళ్లి క్లాసులు పోగొట్టుకున్న పిల్లల కోసం పాఠాలు రికార్డు చేశారు. ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్లకు డీవీడీలు చేసిచ్చారు. మనవాళ్లు ఈ పద్ధతిని దిగుమతి చేసుకున్నప్పుడు ఆ డీవీడీల ముక్క ఒక్కటీ కస్టమ్స్‌లో ఆగిపోయినట్టుంది.

మన దగ్గర సాయంత్రం అయిదింటికి వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది. ఫోను నాన్న జేబులో ఉంటుంది, నాన్న సెంట్రింగ్ పనిలో ఉంటాడు. ఎనిమిదింటికి ఆయనా ఫోనూ ఇల్లు చేరతారు, ఇద్దరికీ చార్జింగ్ ఉండదు. చార్జింగ్ ఎక్కాక మొదటి హక్కు అన్నయ్యది. అంట్లు తోమి, తమ్ముణ్ణి పడుకోబెట్టి వచ్చిన ఆడపిల్లకు మిగిలేది ‘మీ నేటి డేటా అయిపోయింది’ అన్న మెసేజ్. కల్పిస్తున్నాననుకునేరు. అసర్ 2023 విద్యా సర్వేలో, స్మార్ట్‌ఫోను వాడటం తెలిసిన 14–18 ఏళ్ల పల్లె పిల్లల్లో సొంత ఫోనున్న మగపిల్లలు 43.7 శాతం, ఆడపిల్లలు 19.8 శాతం.

మర్నాడు పాఠం చూడకుండా వచ్చిన పిల్ల పేరు ఎదుట ‘ఆసక్తి లేదు’ అని పడుతుంది. దీన్నే విద్యార్థి కేంద్రిత విద్య అంటారు. తప్పంతా విద్యార్థి చుట్టూనే తిరుగుతుంది కదా.

‘అందరికీ ఫోనిస్తే సరి’ అనేవాళ్లు వెస్ట్ పాయింట్ సంగతి వినాలి. అమెరికా సైనికాధికారులను తయారుచేసే ఆ అకాడమీలో ప్రతి ఒక్కరికీ కంప్యూటరుంది, గదుంది, వేళకు తిండుంది. అంట్లు తోమమనే అమ్మ లేదు. అక్కడ లాటరీ పద్ధతిలో తరగతులను విడదీసి ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్‌ను పరీక్షించారు. లెక్కల్లో కొద్దికాలం లాభం కనబడింది, ఆర్థికశాస్త్రంలో అదీ లేదు. ఆ కాస్త లాభమూ తెల్లవాళ్లకు, మగవాళ్లకు, ముందునుంచీ బాగా చదివేవాళ్లకే దక్కింది. కొన్నాళ్లకు సగటు లాభం ఆవిరైంది, పెరిగిన అంతరం మాత్రం అలాగే నిలిచింది. అన్నీ అమరినచోటే ఇదీ వరస. ఇక చుండూరులోనో, ఉట్నూరులోనో ఒకే గదిలో అయిదుగురు పడుకునే ఇంట్లో అద్భుతం జరుగుతుందని నమ్మడానికి చాలా భక్తి కావాలి.

భక్తికి మనకేం లోటు? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. నిజం చెప్పాలంటే, నెట్ లేకుండా నడిచే పాఠం లింకు పాఠం కన్నా నూరు రెట్లు నయం. కానీ 2024 జూలైలో ఆ బైజూసే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ ఏమైతేనేం, ట్యాబులో మాస్టారి నవ్వు చెక్కుచెదరదు. ఆయన చెప్పింది అర్థం కాలేదని చెయ్యెత్తితే మాత్రం ఆయనకు కనబడదు.

అసలు ఈ పద్ధతిలో గొప్ప సంగతి రెండో సగం. పిల్ల లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు మాస్టారు పక్కనే ఉండటం. దానికి ముందు మాస్టారు ఉండాలి. లెక్కల పోస్టు ఖాళీగా ఉన్న బడిలో పాఠాన్ని ఇంటివైపు తిప్పినా, బడివైపు తిప్పినా తిప్పేవాడేడీ? వీడియో చూడాల్సిందే అంటే బడిలోనే ఒక పీరియడ్ చూపించి, మరో పీరియడ్‌లో లెక్కలు చేయించొచ్చు. తెర కావాలి, కరెంటు కావాలి, టీచరు కావాలి, అంతే. కాకపోతే ఇందులో రిబ్బను కత్తిరించే చోటు లేదు, పంచేటప్పుడు ఫొటో దిగే వస్తువు లేదు.

ఇంత మంచి పద్ధతిని పిల్లల మీదే ఎందుకు ప్రయోగించాలి? పై అధికారుల సమీక్షా సమావేశాలను తిరగేయొచ్చు. కమిషనర్ గారి రెండు గంటల ప్రసంగాన్ని అందరూ ముందురోజు రాత్రి, ఇంట్లోవాళ్లు వాడుకోగా మిగిలిన ఫోనులో, వంటింటి లైటు కింద చూసి రావాలి. మర్నాడు ఆఫీసులో పని మాత్రమే చెయ్యాలి. ఒక్క నెల నడిపి చూపించమనండి.