గ్యారంటీ గడప దాటేదాకే!

"సింగిల్ ఓనర్ అన్నా! ఒక్క గీత లేదు. బాడీ చూడు, ఎట్లా మెరుస్తుందో!"

పాత ఫోన్ కోసం హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లినా, మీ ఊరి బస్టాండు సందుకు వెళ్లినా వినపడే పాట ఇదే. బాడీ సరే, బిల్లేది? "బిల్లెందుకన్నా, నేనున్నా కదా!" ఉన్నాడు నిజమే. డబ్బు చేతిలో పడేదాకా. రేపు స్క్రీన్ మీద పచ్చగీత పడితే? "చెకింగ్ వారంటీ అయిపోయిందన్నా." గడప దాటితే గ్యారంటీ గోవిందా!

దుకాణాల గొడవెందుకని ఆన్‌లైన్‌లో వెతుకుతారా? అక్కడ 'జవాను' సిద్ధం. యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు. బదిలీ అయిందట. అరవై వేల ఫోన్ పదిహేను వేలకే ఇచ్చేస్తాడట! ముందు కొరియర్ ఖర్చు, తర్వాత జీఎస్టీ, ఆపైన 'తిరిగొచ్చే' డిపాజిట్. మీరే అమ్మేవాళ్లయితే క్యూఆర్ కోడ్ పంపుతాడు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు వస్తుందట! యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గానీ పుచ్చుకోవడానికి కాదని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? మరి ఆ ప్రకటన వేసిన వేదిక? "మేం కలిపేవాళ్లమే, బాధ్యులం కాదు." సంభావన పుచ్చుకున్న పెళ్లిళ్ల పేరయ్య పెళ్లికొడుకెవరో తెలీదన్నట్టు!

ఇక సర్కారువారు. 2023 మేలో 'సంచార్ సాథీ' పోర్టల్ తెచ్చారు. మంచిదే. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ కనిపిస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ అంకెలు 14422కి ఎస్సెమ్మెస్ చేస్తే ఫోన్ బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది. ఈ ముక్క ఏ దుకాణం గోడ మీద రాయించారు? ఆ పోర్టల్ యాప్‌ను కొత్త ఫోన్లన్నింటిలో ముందే పెట్టాలని 2025 నవంబరులో హుకుం జారీ చేశారు. గగ్గోలు పుట్టగానే డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. దొంగ ఫోన్లు తిరిగేది పాత బజారులో. హుకుం కొత్త డబ్బాలకా?

ఐఎంఈఐ మారిస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అంటుంది 2023 టెలికాం చట్టం. సందులో ల్యాప్‌టాప్ పెట్టుకుని నంబర్లు మార్చేవాడు ఆ చట్టం చదివాడా? చదివినవాళ్లు ఆ సందులోకి వెళ్లారా?

ఫిర్యాదు నమోదైన దొంగ ఫోన్‌లో సిమ్ వేయగానే జాడ దొరుకుతుంది. పోలీసుల కబురు ముందు ఎవరికి? దొంగకు కాదు, అమ్మినవాడికి కాదు. మీకే! ఫోన్ పాయె, పైసలు పాయె, పరువు అదనం.

మనం మాత్రం తక్కువ తిన్నామా? సగం ధర అనగానే సగం బుర్ర పక్కన పెట్టేస్తాం. ఇకనైనా మొహమాటం మానండి. బిల్లు, అమ్మేవాడి గుర్తింపు కార్డు నకలు అడగండి. పాత యజమాని గూగుల్, ఐక్లౌడ్ ఖాతాలు తీసేశాడా? ఈఎంఐ బాకీ ఉంటే ఫైనాన్స్ కంపెనీ రేపు తాళం వేయదూ? కళ్లముందే రీసెట్ చేయించండి. ఫోన్ చేతికందకుండా పైసా పంపకండి. డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ కొట్టండి.

పాత ఫోన్ అమ్మేముందు ఐఎంఈఐని సర్కారు జాబితాతో సరిచూడాలని 2025లో వ్యాపారులకూ నిబంధన పెట్టారు. మీరు వెళ్లిన కౌంటర్‌లో ఎవరైనా చూశారా? అమ్మేవాడు చూడడు. కలిపేవాడు పట్టించుకోడు. పట్టుకోవాల్సినవాడు కదలడు. అన్నీ కొనేవాడే చూసుకోవాలంటే, వీళ్లందరికీ లాభాలు, కమీషన్లు, జీతాలు దేనికి?